ట్రాన్సిస్టరు నుండి సెల్‌ఫోను వరకు

మన పల్లెలలో ఒకప్పుడు "ట్రాన్సిస్టరు" అనిన రేడియో అనియే అర్థము. చెట్టుకొమ్మకు తగిలించి, నాగలి దున్నుచు, కలుపు తీయుచు, వార్తలను పాటలను వినిన ఆ చిన్న పెట్టెకు అందలి ఒక భాగము పేరే స్థిరపడిపోయినది. ఆ పెట్టె ముఖమున "ఆరు ట్రాన్సిస్టర్లు", "ఎనిమిది ట్రాన్సిస్టర్లు" అని తయారుచేసినవారు గొప్పగా ముద్రించుచుండెడివారు. సంఖ్య పెరిగినకొలది రేడియో మేలైనదని కొనువారి నమ్మకము. నేడు ఆ రైతు మనుమని చొక్కాజేబులోని సెల్‌ఫోనునందు ట్రాన్సిస్టర్లు ఎన్ని యుండును? 2023వ సంవత్సరమున ఆపిల్ సంస్థ తన ఫోనుకొరకు వెలువరించిన ఒక్క చిప్పునందే 1,900 కోట్లు కలవు. చూపుడువేలి గోటియంత చోటులో అవి యన్నియు ఇమిడియున్నవి. ఆరు నుండి 1,900 కోట్ల వరకు జరిగిన ఈ ప్రయాణమేమి, అందులో మన పాలెంత, ఇకముందు దాని నడక ఎట్లుండును అను విషయములు రేడియో గల ప్రతి కుటుంబమునకు తెలియదగినవి. ఏలనన ఈ కథ మొదలైనది మీ యింటి రేడియోతోనే.

రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలమున సురంగల్ అను గ్రామము కలదు. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములు పూలకు, కూరగాయలకు ప్రసిద్ధములు. అచ్చటి రైతు ఒకరు తెల్లవారకముందే లేచి, చేమంతులు కోయించి, బండికి ఎత్తించునప్పుడు మొదట చేయు పని సెల్‌ఫోను తీసి గుడిమల్కాపూరు పూల మార్కెట్టులోని పరిచితునకు ఫోను చేయుట. "ఏమన్నా, ఇయ్యాళ చేమంతి కిల ఎంత పలుకుతున్నది?" అను ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వచ్చులోపల ఆ పరికరములో కోట్లకొలది ట్రాన్సిస్టర్లు సెకనులో లెక్కలేనన్ని మారులు తెరచుకొని మూసుకొనును. ఆ ఫోనును గూర్చిన విశేషమొకటి చెప్పవలెను. చిప్పును ఊహించి గీయు పని, దానిని తయారుచేయవలెనని చేసిన ప్రయత్నము, పరికరములను కూర్చు పని, ఈ మూడును ఆ రైతు నివసించు రంగారెడ్డి జిల్లాలోనే చూడవచ్చును. అందు మొదటిది ఫలించినది, రెండవది ఫలింపలేదు, మూడవది ఇప్పుడు వేరూనుచున్నది. ఈ మూడింటికి గల భేదమును గ్రహించినగాని పత్రికలలో వచ్చు ప్రకటనల విలువ మనకు తెలియదు.

మొదట ట్రాన్సిస్టరు అననేమో చూతము. రాగి విద్యుత్తును సులభముగా పోనిచ్చును, గాజు పోనీయదు. సిలికాన్, జెర్మేనియము వంటి పదార్థములు ఈ రెంటికి నడుమ నుండును. అందుచే వీనికి అర్ధవాహకములని పేరు. శుద్ధమైన సిలికానులో రవ్వంత భాస్వరము కలిపినచో విద్యుత్తును మోయు ఎలెక్ట్రానులు అధికమగును. బోరాన్ కలిపినచో కొరవడును. ఇట్టి రెండు రకముల సిలికానును పక్కపక్కన అమర్చినప్పుడు ఆ పదార్థము మన చెప్పుచేతలలోనికి వచ్చును.

చెరువు తూమును తలచుకొనుడు. చెరువు నిండుగా నున్నను తూము మూసియున్నచో కాలువకు చుక్కయైనను రాదు. ఒక మనిషి తూమును జానెడు పైకెత్తినచో ఆయకట్టంతయు తడియును. ఎత్తుటకు పట్టిన బలము స్వల్పము. పారిన నీరు అపారము. ట్రాన్సిస్టరు విద్యుత్తునకు అట్టి తూము. దాని ద్వారమునకు ఇచ్చెడు స్వల్పమైన విద్యుత్తు పెద్ద ప్రవాహమును అదుపుచేయును. రేడియోలో ఆ తూమును గాయకుని స్వరముననుసరించి మెల్లగా ఎత్తుచు దించుచుందురు. గాలిలో వచ్చిన బలహీనమైన అల ఇంటినిండ వినబడు పాటయగును. సెల్‌ఫోను చిప్పులో తూము పూర్తిగా తెరచియైనను ఉండును, పూర్తిగా మూసియైనను ఉండును. తెరచినచో ఒకటి, మూసినచో సున్న. ఈ రెండంకెలతోనే మాటలు, చిత్రములు, లెక్కలు సమస్తమును నడచును.

అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ అను శాస్త్రజ్ఞులు 1947 డిసెంబరులో మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించి చూపిరి. ఆ పరిశోధనకు నాయకుడగు విలియమ్ షాక్లీ మరుసటి నెలలలోనే దానికంటె మేలైన మరియొక రూపమును ఊహించెను. 1956లో ఆ మువ్వురకును నోబెల్ బహుమానము లభించెను. 1954లో అమెరికాలో అంగడికి వచ్చిన మొదటి ట్రాన్సిస్టరు రేడియోలో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు. వీనిని ఒక్కొక్కటిగా చేసి తీగలతో అతికెడివారు. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ ఎవరికి వారు ఒక గొప్ప ఊహ చేసిరి: ట్రాన్సిస్టర్లను విడివిడిగా చేయనేల? ఒకే పలకపై అన్నింటిని ఒక్కసారిగా ముద్రించి, తీగలను గూడ అందే చిత్రించినచో చాలదా? ఈ ఊహయే చిప్పు. చేతితో గ్రంథమును ప్రతివ్రాయుటకును, అచ్చుయంత్రముతో ముద్రించుటకును ఎంత భేదమో దీనికి ముందువెనుకల పరిస్థితికి అంత భేదము.

అచ్చు చిన్నదైనకొలది పుటలో అక్షరములు హెచ్చుగా పట్టును. ఒక చిప్పులో పట్టు ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటేట రెట్టింపగునని గోర్డన్ మూర్ 1965లో వ్రాసెను. 1975లో దానిని రెండేండ్లకొకమారు రెట్టింపని సవరించెను. 1971లో ఇంటెల్ సంస్థ చేసిన 4004 అను చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లుండెను. నాటి నుండి నేటివరకు లెక్కించినచో మూర్ అంచనా ఎంతటిదో తెలియును. అది ప్రకృతి నియమము కాదు. వేలకొలది ఇంజనీర్లు పట్టుదలతో నెరవేర్చుకొనుచు వచ్చిన పందెము.

ఈలోపల టెలిఫోను గోడను విడిచి చేతికి వచ్చెను. 1973 ఏప్రిల్ 3వ తేదీన న్యూయార్కు వీధిలో నిలిచి మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ కిలోకు పైబడిన బరువుగల ఫోనుతో మాటలాడెను. మన దేశమున 1995 జులై 31న కలకత్తానుండి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటలాడుటతో ఈ సౌకర్యము ప్రారంభమయ్యెను. సెల్‌ఫోను నిజమునకు ఒక రేడియోయే. మీ యింటి రేడియో వినుటయే ఎరుగును. ఇది వినును, ప్రసారమును చేయును. సమీపమున నున్న స్తంభముతో అది నిరంతరము రేడియో అలలలోనే సంభాషించుచుండును. ఆ అలను బలపరచి పంపు చిప్పు తరచు సిలికానుతో గాక గాలియమ్ ఆర్సినైడ్ అను మరియొక అర్ధవాహకముతో చేయబడును. ఇటీవల అరచేతిలో పట్టు ఛార్జరులు శీఘ్రముగా బ్యాటరీ నింపగలుగుటకు కారణము గాలియమ్ నైట్రైడ్ అను ఇంకొక పదార్థము. వాడుకకు తగిన పదార్థమును వెదకి తెచ్చుట నేటి అర్ధవాహక శాస్త్రములోని ముఖ్యమైన ధోరణులలో ఒకటి.

చిన్నవిగా చేయుట ఎంతవరకు సాగును? ఇచ్చట మరల తూమునే తలచుకొందము. తూము మరీ సన్ననిదైనచో మూసినను నీరు జాలువారును. ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది అదే జరిగెను. మూసియున్నప్పుడును విద్యుత్తు కారుచు, ఫోను ఊరక వేడెక్కి, బ్యాటరీ తరుగజొచ్చెను. 2005 ప్రాంతమునకు ఈ ఇబ్బంది ముదిరి, చిప్పుల వేగము పూర్వమువలె పెరుగుట నిలిచిపోయెను. అప్పుడు ఇంజనీర్లు తూము ఆకారమునే మార్చిరి. అంతవరకు ద్వారము కాలువపై మూతవలె ఒక్కవైపుననే యుండెడిది. 2011లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన కొత్త పద్ధతిలో సిలికానును చేపరెక్కవలె నిలువుగా లేపి ద్వారమును మూడువైపుల చుట్టిరి. 2022లో శామ్‌సంగ్ సంస్థ ప్రారంభించిన పద్ధతిలో నాలుగువైపుల చుట్టిరి. ఇది పిడికిట పట్టి బిగించినట్లు, కారుట తగ్గెను.

అంగడిలో "మూడు నానోమీటర్ల చిప్పు" అను మాట తరచు వినబడును. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. కాని ఈ మూడు అను అంకె నేడు చిప్పులోని ఏ భాగపు కొలతయు కాదు. తరమును సూచించు పేరు మాత్రమే. దానిని చూచి మురియనక్కరలేదు. అయినను ఆ ముద్రణము మాత్రము అద్భుతమైనది. దానికి వాడు కాంతి తరంగదైర్ఘ్యము 13.5 నానోమీటర్లు, మన కంటికి కనబడు కాంతికంటె ముప్పదిరెట్లకు పైగా సూక్ష్మము. ఇట్టి కాంతి గాలిలో సైతము ఇంకిపోవును గనుక యంత్రమంతయు శూన్యములో నుండవలెను. కరిగిన తగరపు బిందువులను సెకనుకు ఏబదివేల చొప్పున జార్చుచు, ఒక్కొక్కదానిని లేజరు కిరణముతో కొట్టి, ఆ మెరుపును అద్దములతో కూర్చి సిలికాను బిళ్ళపై ప్రసరింపజేయుదురు. ఇట్టి యంత్రమును తయారుచేయగల సంస్థ ప్రపంచమునందొక్కటే. నెదర్లాండ్సు దేశములోని ఏఎస్ఎంఎల్.

ఇన్ని పాట్లు పడినను, చిన్నదిగా చేయుటవలన వచ్చు లాభము తరుగుచు, ఖర్చు పెరుగుచున్నది. అందుచేత చిప్పును గీయువారు మరియొక దారి పట్టిరి. ఒకే పనివానిచేత అన్ని పనులు చేయించుట మాని, ఏ పనికి ఆ పనివానిని నియమించిరి. నేటి ఫోను చిప్పులో చిత్రములు తీర్చుటకొక భాగము, కెమెరా పట్టిన దృశ్యమును సరిదిద్దుటకొక భాగము, మాటను గుర్తించుట వంటి కృత్రిమమేధ పనులకొక భాగము వేరువేరుగా నుండును. పనిలేని భాగము నిద్రపోవును, బ్యాటరీ మిగులును. లిథియమ్-అయాన్ బ్యాటరీ 1991లో అంగడికి వచ్చిన నాటినుండి మెరుగుపడుచున్నను, చిప్పులంత వేగముగా ఎదుగలేదు. కావున ఉన్న విద్యుత్తును పొదుపుగా వాడుటయే ఫోను చిప్పునకు ప్రధానధర్మమయ్యెను. పెద్ద చిప్పునొక్కటి చేయుటకు బదులు చిన్న చిప్పులను పక్కపక్కన, ఒకదానిపై నొకటి పేర్చి అతుకుట మరియొక ధోరణి. ఈ మార్పులన్నింటి సారమొక్కటే: ఇకమీదట మేలు సూక్ష్మతవలన కంటె రూపకల్పనలోని తెలివివలన రావలసియున్నది.

ఆ తెలివికి మన పొరుగుననే నివాసము కలదు. ఎలక్ట్రానిక్సు విద్యకు హైదరాబాదు పాత కాపు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు ప్రోద్బలముచే 1967లో ఇచ్చట ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడెను. మన ఇండ్లలో "ఇ.సి. టీవీ" అని పేరొందిన టెలివిజను దానిదే. ఆ సంస్థ కంప్యూటర్లను సైతము నిర్మించి, ఒక తరము ఇంజనీర్లకు చేతిపని నేర్పెను. తరువాత పోర్టల్‌ప్లేయర్ అను సంస్థ 1999లో అమెరికాలో వెలసి, హైదరాబాదున గూడ ఇంజనీర్లను నియమించెను. 2001లో ఆపిల్ వెలువరించిన ఐపాడ్ అను పాటల పెట్టెకు హృదయము ఆ సంస్థ చిప్పు. జేబులో వేయిపాటలు మోసిన ఆ పరికరమునకై హైదరాబాదు ఇంజనీర్లు శ్రమించిరని మనలో అనేకులకు తెలియదు. 2007లో ఆ సంస్థను ఎన్విడియా కొనెను. నేడు మాధాపూరు, గచ్చిబౌలి పరిసరములలో క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా వంటి సంస్థల రూపకల్పనాలయములు పనిచేయుచున్నవి. 2019లో ఇంటెల్, మైక్రాన్ సంస్థలు గూడ నగరమున కేంద్రములు తెరచినవి.

వీరి పని ఎట్టిదని అడుగుదురేమో. ఇల్లు కట్టుటకు ముందు మేస్త్రీ పటము గీసినట్లు, కోట్లకొలది ట్రాన్సిస్టర్లు ఏది ఎచ్చట నుండవలెనో, ఏ తీగ దేనిని చేరవలెనో కంప్యూటరుపై నిర్ణయింతురు. కాని గీయుటకంటె పరీక్షించుటకే కాలము హెచ్చు పట్టును. ఇంటిగోడ వంకరయైనచో పగులగొట్టి మరల కట్టవచ్చును. చిప్పు ముద్రితమైన పిమ్మట దిద్దుబాటు లేదు. తప్పు కనబడినచో కొత్త అచ్చులు చేయించి, నెలలు కాచుకొనవలెను. ప్రపంచమునందలి చిప్పు రూపకర్తలలో ఇంచుమించు ఐదవవంతు భారతదేశమున నున్నారని ప్రభుత్వపు అంచనా. అయితే ఆ పటములపై హక్కు ఎక్కువభాగము విదేశ సంస్థలదే. మద్రాసు ఐఐటీలోని అధ్యాపకులు, విద్యార్థులు "శక్తి" అను పేర స్వదేశీ ప్రాసెసర్లను రూపొందించుట ఈ లోటును పూరించు ప్రయత్నములలో నొకటి. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున 2010లో మొదలైన "రిస్క్-ఫైవ్" అను బహిరంగ సూచనల పద్ధతి వారికి ఆధారము. దానిని వాడుకొనుటకు ఎవ్వరికిని రుసుము చెల్లింపనక్కరలేదు.

పటము సిద్ధమైన పిమ్మట చిప్పును ముద్రించువారెవరు? ఇది వేరు వృత్తి. 1987లో తైవానునందు మోరిస్ చాంగ్ స్థాపించిన టీఎస్ఎంసీ సంస్థ, తనకంటూ చిప్పులు గీయక, ఎవరు పటమిచ్చినను ముద్రించియిచ్చు వ్యాపారము ప్రారంభించెను. ముద్రణాలయము లేని రచయిత గ్రంథము వెలువరించినట్లు, కర్మాగారము లేని సంస్థ చిప్పును వెలువరించుటకు దానివలన వీలయ్యెను. ఇట్టి కర్మాగారము మన జిల్లాలో వెలయునని 2006లో గొప్ప ఆశ కలిగెను. సెమ్‌ఇండియా అను సంస్థతో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒప్పందము చేసికొని, మహేశ్వరము ప్రాంతమున "ఫ్యాబ్ సిటీ" పేర 1,200 ఎకరములు కేటాయించెను. మూడువందల కోట్ల డాలర్ల పెట్టుబడి అనిరి. కాని కేంద్రప్రభుత్వపు ప్రోత్సాహక విధానము 2007లో గాని వెలువడలేదు. 2008లో ప్రపంచమునంతటిని ఆర్థికసంక్షోభము చుట్టుముట్టెను. చిప్పుల కర్మాగారము లేవలేదు. కాలక్రమమున ఆ భూములలో సౌరఫలకముల, ఎలక్ట్రానిక్ వస్తువుల పరిశ్రమలు వెలసినవి. పేరులో ఫ్యాబ్ ఉండెను; ఫ్యాబ్ మాత్రము రాలేదు.

ఏల రాలేదని నిందించుటకంటె, రావలెనన్న ఏమి కావలెనో తెలిసికొనుట మేలు. మొదటిది ధనము. నేటి సూక్ష్మతమమైన చిప్పుల కర్మాగారమునకు రెండువేల కోట్ల డాలర్ల వరకు వ్యయమగును. రెండవది ఓర్పు. ఇసుకనుండి తీసిన సిలికానును అత్యంత శుద్ధముచేసి, స్తంభముగా పెంచి, పళ్లెమంతేసి బిళ్ళలుగా కోసి, వందలకొలది దశలలో ముద్రించి, చెక్కి, కడిగి చిప్పుగా చేయుటకు ఇంచుమించు మూడు నెలలు పట్టును. ధూళికణమొక్కటి పడినను చిప్పు పాడగును. మూడవది నీరు. ప్రతిదశలోను బిళ్ళను కడుగవలెను. త్రాగునీటికంటె వేలరెట్లు శుద్ధమైన నీరు కావలెను. ఒక్కొక్క బిళ్ళకు వేలకొలది లీటర్లు ఖర్చగును.

నీటి ప్రస్తావన రాగానే సురంగల్ పరిసరములు మరల కనులముందు నిలుచును. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట, వరదను ఆపుటకును నగరమునకు త్రాగునీరు ఇచ్చుటకును మూసీపై 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927 నాటికి హిమాయత్‌సాగర్ నిర్మింపబడెను. మొయినాబాదు మండలము ఈ రెండు జలాశయములకు నీరు చేరు నేల. జలాశయములు కలుషితము కాకుండ వాని చుట్టును పది కిలోమీటర్ల మేర కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించుచు 1996లో 111 సంఖ్యగల ప్రభుత్వపు టుత్తరువు వెలువడెను. 2022లో తెలంగాణ ప్రభుత్వము, నీటి నాణ్యతకు భంగము కలుగరాదను షరతుతో, ఆ నిబంధనలను సడలించెను. నిషేధమువలన భూముల విలువ పెరుగలేదని రైతులు కొందరు నొచ్చుకొనిరి. సడలింపువలన చెరువులు చెడునని మరికొందరు భయపడిరి. రెండు మాటలలోను న్యాయము కలదు.

చిప్పుల దేశమైన తైవానులో ఏమి జరిగినదో చూడుడు. 2021లో అచ్చట అర్ధశతాబ్దమునకు పైగా ఎరుగని అనావృష్టి కలిగెను. ప్రభుత్వము రైతులకు పరిహారమిచ్చి వేలాది హెక్టార్ల వరిపొలములకు నీరు నిలిపివేసెను. చిప్పుల కర్మాగారములకు లారీలతో నీరు తోలిరి. వాడిన నీటిని తిరిగి శుద్ధిచేసి మరల వాడుట ఆ సంస్థలు అలవరచుకొన్నవి. ఐనను కరవు వచ్చినప్పుడు పొలమా, చిప్పా అను ప్రశ్న తప్పలేదు. మనకు ఇట్టి కర్మాగారము వచ్చుననిన, ఎన్ని ఉద్యోగములని అడుగుటతో పాటు, నీరెక్కడిది, వాడిన నీరెక్కడికి పోవునని అడుగుట రైతుకు హక్కు, కర్తవ్యము గూడ.

దేశమున ఇతరత్ర ఈ ప్రయత్నము సాగుచున్నది. మొహాలీలో 1984లో ఉత్పత్తి ప్రారంభించిన ప్రభుత్వ కర్మాగారము 1989లో అగ్నిప్రమాదమునకు గురియై ఎంతో నష్టపడెను. తిరిగి లేచిన ఆ సంస్థలోనే తయారైన "విక్రమ్" అను ప్రాసెసరు 2025 సెప్టెంబరులో ఢిల్లీలో ప్రదర్శింపబడెను. అది రాకెట్లకు ఉద్దేశింపబడినది. 180 నానోమీటర్ల పాత పద్ధతిదైనను నమ్మదగినది. 2021 డిసెంబరులో కేంద్రము 76,000 కోట్ల రూపాయలతో అర్ధవాహక పథకమును ప్రకటించెను. తైవాను సంస్థ సహకారముతో గుజరాతులోని ధోలేరాలో టాటావారి కర్మాగారమునకు 2024లో ఆమోదము లభించెను. అది 28 నానోమీటర్లు, అంతకు పెద్ద పద్ధతులకు ఉద్దేశింపబడినది. మోటారుకార్లకు, గృహోపకరణములకు కావలసిన చిప్పులు పెక్కు అట్టివే కనుక ఇది చిన్నచూపు చూడదగినది కాదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌నందు దక్షిణకొరియా సాంకేతిక సహకారముతో ఏడాదికి 9 కోట్ల 60 లక్షల చిప్పులను కవచములలో అమర్చు శాలకు కేంద్రము అనుమతి నిచ్చెను. ఇది చిప్పును ముద్రించుట కాదు. ముద్రితమైనదానిని పరీక్షించి, కవచము తొడిగి, వాడుకకు సిద్ధపరచుట. ఈ భేదమును పాఠకులు గమనింపవలెను.

మూడవ వృత్తి కూర్పు. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ షియోమీ ఫోన్లను కూర్ప నారంభించెను. అదే యేడు తెలంగాణములోని మేడ్చల్ వద్ద సెల్‌కాన్ సంస్థ ఫోన్లశాల తెరచెను. మన రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో 2023లో ఫాక్స్‌కాన్ శాలకు శంకుస్థాపన జరిగినది. 2025లో అచ్చట చెవిలో అమర్చుకొను ఇయర్‌ఫోన్లు తయారుకాజొచ్చినవి. కూర్పుశాలలవలన పల్లె యువతీయువకులకు జీతము దొరకును. అది స్వల్పవిషయము కాదు. అయితే ఫోను వెలలో కూర్పునకు దక్కు భాగము చిన్నది. చిప్పు, తెర, కెమెరా మొదలగు విలువగల అంగములు చాలవరకు దిగుమతియే.

ఇక గృహస్థునకు పనికివచ్చు మాట ఒకటి రెండు చెప్పెదను. చిప్పుల ప్రగతి వేగము తగ్గినందున, నిరుటి ఫోనునకు ఈయేటి ఫోనునకు నిత్యవ్యవహారములో భేదము స్వల్పము. మాటలాడుటకు, ధరలు తెలిసికొనుటకు, డబ్బు పంపుటకు నాలుగైదేండ్ల ఫోను చాలును. నెమ్మదించినచో పలుమారు లోపము చిప్పులో గాక బ్యాటరీలో నుండును; దానిని మార్పించిన సగము ప్రాణము తిరిగివచ్చును. కొత్తది కొనునప్పుడు నానోమీటర్ల అంకెను గాక, రక్షణకు సంబంధించిన సాఫ్ట్‌వేరు సవరణలు ఎన్నేండ్లు పంపుదురో, బ్యాటరీ మార్చు వీలున్నదో లేదో అడుగుడు. పాత ఫోనును చెత్తకుప్పలో వేయవలదు, తగులబెట్టవలదు. అందు బంగారము, రాగి మొదలగు తిరిగి వాడదగిన లోహములు కలవు. నేలలోను నీటిలోను కలిసిన హానిచేయు పదార్థములును కలవు. అధికృతముగా సేకరించువారికి అప్పగించుడు. జలాశయములకు ఎగువన నివసించువారికి ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఆ సురంగల్ రైతు ఇంట ఇంజనీరింగు చదువు కుమార్తె యున్నదనుకొందము. ఆమె కాలేజీ ముగించి గచ్చిబౌలిలో చిప్పులు గీయవచ్చును. కొంగరకలాన్‌లో కూర్పు పర్యవేక్షింపవచ్చును. ఆమె గీచిన చిప్పు మాత్రము నేటి స్థితిలో సముద్రము దాటిపోయి ముద్రితమై తిరిగిరావలెను. ఆ ముద్రణము గూడ ఈ దేశముననే, పొలము నీటికి లోటు రాకుండ జరుగు మార్గము ఆలోచించుట ఆమె తరమువారికి మిగిలిన పని. తండ్రి చేయవలసినది సులభము. ఈసారి కొత్త కర్మాగారమును గూర్చి రేడియోలో వార్త వచ్చినప్పుడు ఆమెను పిలిచి, "బిడ్డా, ఇది గీసుడా, అచ్చువేసుడా, కూర్చుడా?" అని అడిగిన చాలును.